తప్పు చేయకపోయినా బిల్లు వస్తుంది

సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి లైసెన్స్ ఆడిట్ నోటీసు వచ్చిందంటే చాలు, మన సంస్థల్లో పై నుంచి కింది దాకా ఒకటే మాట వినిపిస్తుంది: ‘‘తప్పు చేయనివాడికి భయమెందుకు? అడిగినవన్నీ ఇచ్చేయండి, సహకరించండి, తొందరగా ముగించండి.’’

ఈ మాట వెనక ఉన్న వాదనను ముందు ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ రాయడం వేలమంది శ్రమ, దానికి డబ్బు కట్టడం న్యాయం. లెక్కలు చూసుకునే హక్కును ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజునే కొనుగోలుదారు ఒప్పుకున్నాడు. లైసెన్స్ లేని వాడకం మన దేశంలో తక్కువేమీ కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల కూటమి బీఎస్‌ఏ 2018లో ప్రకటించిన సర్వే ప్రకారం, 2017లో ఇండియాలో కంప్యూటర్లలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో 56 శాతానికి లైసెన్స్ లేదు. జవాబివ్వకుండా నాన్చితే అనుమానం పెరుగుతుంది, కోర్టుకెక్కితే ఖర్చు పెరుగుతుంది. కాబట్టి నిజాయతీపరులు తలుపులు బార్లా తెరవడమే తెలివైన పని. ఇదీ వాదన.

దీన్ని నమ్మేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. కానీ ఈ వాదన తప్పు. దీన్ని నమ్మినందుకు సంస్థలు కట్టనక్కర్లేని డబ్బు కడుతున్నాయి, ఏ తప్పూ చేయని ఉద్యోగులు మాట పడుతున్నారు.

1. ‘‘తప్పు చేయనివాడు’’ అంటే ఎవరు?

ఈ వాదనంతా ఒక ఊహ మీద నిలబడి ఉంది. లైసెన్స్ ఉందా లేదా అన్నది ఇట్టే తేలే విషయమనీ, ఎవరి పరిస్థితి వాళ్లకు ముందే తెలిసి ఉంటుందనీ ఆ ఊహ. వంద కంప్యూటర్లు, వంద లైసెన్సులు, లెక్క సరి. ఆఫీసు కంప్యూటర్లలో వర్డ్, ఎక్సెల్ వరకైతే ఇది చాలామటుకు నిజం. పెద్ద సంస్థలు నడిపే డేటాబేస్‌లు, ఈఆర్‌పీలు (సంస్థ వ్యవహారాలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్), వర్చువల్ సర్వర్ల దగ్గర ఈ లెక్క చెల్లదు. అక్కడ దేన్ని ‘వాడకం’ అనాలో తేల్చేది ఒప్పందంలోని ఒక నిర్వచనం. ఆ నిర్వచనానికి మొదట అర్థం చెప్పేది అమ్మిన కంపెనీయే.

డియాజియో కేసు చూడండి. జానీ వాకర్, గిన్నిస్ అమ్మే ఈ బ్రిటిష్ కంపెనీ 2004లో ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ అమ్మే శాప్‌తో ఒప్పందం చేసుకుంది. అప్పటి నుంచి 2015 నవంబరు దాకా లైసెన్స్, మెయింటెనెన్స్ ఫీజుల కింద 5 కోట్ల పౌండ్లకు పైగానే కట్టింది. మొదట్లో దాని కస్టమర్లు కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి ఆర్డర్ ఇచ్చేవారు, అక్కడి ఉద్యోగి శాప్‌లో ఎక్కించేవాడు. తర్వాత డియాజియో సేల్స్‌ఫోర్స్ అనే మరో కంపెనీ వేదిక మీద రెండు కొత్త అప్లికేషన్లు కట్టుకుంది. ఒకటి కస్టమర్లు నేరుగా ఆర్డర్ పెట్టుకోవడానికి, ఇంకొకటి సేల్స్ సిబ్బందికి. ఆ సమాచారం వెనక దారిలో శాప్‌కు చేరేది. శాప్ తెరను కళ్లతో చూడని కస్టమర్ కూడా శాప్‌ను ‘వాడుతున్నట్టే’, అతనికీ యూజర్ లైసెన్స్ కావాలి అని శాప్ దావా వేసింది. అడిగిన మొత్తం 5.45 కోట్ల పౌండ్లు. 2017 ఫిబ్రవరి 16న లండన్ హైకోర్టు బాధ్యత విషయంలో శాప్ వాదనను సమర్థించింది. అంటే పదకొండేళ్లలో కట్టినదానికి దాదాపు సమానమైన బిల్లు కొత్తగా ముందుకొచ్చింది.

డియాజియో దొంగ కాపీ వాడలేదు. దేన్నీ దాచలేదు. కస్టమర్ ఫోన్ చేసే బదులు వెబ్‌సైట్‌లో నొక్కేలా ఏర్పాటు చేసుకుంది. ఇందులో తప్పు చేసింది ఎవరు? అదే ఏడాది బీర్ల కంపెనీ ఏబీ ఇన్‌బెవ్ మీద శాప్ 60 కోట్ల డాలర్లకు పైబడిన క్లెయిమ్ వేసిందని ఆ కంపెనీ వార్షిక నివేదికే చెప్పింది. ఆ తర్వాత, 2018 ఏప్రిల్‌లో, ఇలాంటి వాడకాన్ని మనుషుల తలల లెక్కన కాకుండా ఆర్డర్లు, ఇన్‌వాయిస్‌ల వంటి తొమ్మిది రకాల పత్రాల లెక్కన కొలిచే కొత్త పద్ధతిని శాపే తెచ్చింది. పాత కొలమానం మారిన వాడకానికి సరిపోవడం లేదని అమ్మినవాళ్లే గుర్తించారు. మరి ఆ కొలమానంతో కొలిచి, తేడా వచ్చిన కొనుగోలుదారును తప్పుచేసినవాడని ఎలా అంటాం?

ఇంకా చిన్న స్థాయిలో ఇది రోజూ జరుగుతుంది. ఒరాకిల్ డేటాబేస్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ వేసుకుంటే డయాగ్నస్టిక్స్ ప్యాక్, ట్యూనింగ్ ప్యాక్ కూడా తెరిచే ఉంటాయి. వాటికి వేరే లైసెన్స్ కావాలి, కానీ వాటికి తాళం లేదు. అర్ధరాత్రి డేటాబేస్ నెమ్మదించిందని డేటాబేస్ నిర్వాహకుడు (డీబీఏ) కారణం వెతకడానికి ఏడబ్ల్యూఆర్ అనే పనితీరు రిపోర్ట్ తీస్తాడు. ఆ వాడకం డేటాబేస్‌లోనే ఒక పట్టికలో నమోదై, ఏళ్ల తర్వాత ఆడిట్‌లో బయటికొస్తుంది. ఒరాకిల్‌దే అయిన జావా సంగతీ అంతే. జావా 8కి 2019 జనవరి దాకా వచ్చిన అప్‌డేట్లను వ్యాపార సంస్థలు ఉచితంగా వాడుకున్నాయి. అదే ఏడాది ఏప్రిల్ అప్‌డేట్ నుంచి డబ్బు కట్టాల్సిన నిబంధనలు వచ్చాయి. సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆలస్యం చేయకుండా వేసిన శ్రద్ధగల ఇంజినీర్ తన కంపెనీని బాకీదారును చేశాడు. పక్క సీట్లో ప్యాచ్ వేయకుండా వదిలేసినవాడు ‘తప్పు చేయనివాడు’ అయ్యాడు. 2023 జనవరి నుంచి జావా కొత్త సబ్‌స్క్రిప్షన్ లెక్క ఇంకా దూరం వెళ్లింది. జావా ఎన్ని యంత్రాల్లో ఉందన్నది కాకుండా, సంస్థలో మొత్తం ఉద్యోగులెందరన్నదే లెక్క. పార్ట్‌టైమ్ వాళ్లు, కాంట్రాక్టు సిబ్బంది కూడా అందులోకే వస్తారు. జాబితా ధర ప్రకారం 500 మంది ఉన్న సంస్థకు నెలకు తలకు 15 డాలర్ల చొప్పున ఏడాదికి 90 వేల డాలర్లు. వాళ్లలో 490 మంది జావా పేరు వినకపోయినా సరే.

నిజాయతీ మనిషి గుణం. లైసెన్స్ లెక్క ఒప్పందపు భాషలో తేలే సంగతి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది సరిగా ఉంటుందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు.

2. లెక్క చూసేది ఎవరి మనిషి?

ఆడిట్ అనగానే మనకు జీఎస్టీ అధికారో, కాగ్ బృందమో గుర్తొస్తుంది. ఆ అలవాటుతోనే లైసెన్స్ ఆడిటర్ ముందు కూడా చేతులు కట్టుకుని నిలబడతాం. పన్ను అధికారికి చట్టం ఇచ్చిన అధికారం ఉంది, అతని ఉత్తర్వు మీద అప్పీలుకు వెళ్లే దారీ ఉంది. లైసెన్స్ ఆడిటర్‌కు ఉన్నది ఒప్పందంలో రాసిన హక్కు మాత్రమే. అతను ఇచ్చే నివేదిక తీర్పు కాదు, ఒక వ్యాపార పక్షం వేసిన క్లెయిమ్. కొన్నిసార్లు ఆ పని అమ్మిన కంపెనీ సొంత విభాగమే చేస్తుంది. కొన్నిసార్లు బయటి ఆడిట్ సంస్థ చేస్తుంది, దానికి ఫీజు ఇచ్చేదీ అమ్మిన కంపెనీయే.

ఆడిట్‌కూ అమ్మకాలకూ ఉన్న సంబంధం కోర్టుల దాకా వెళ్లింది. 2018లో ఒరాకిల్ వాటాదారులు కొందరు అమెరికాలో కేసు వేశారు. కస్టమర్లను ఆడిట్‌తో బెదిరించి, జరిమానా తగ్గిస్తామని చెప్పి, వాళ్లకు అవసరం లేని క్లౌడ్ సబ్‌స్క్రిప్షన్లు అంటగట్టి, అలా పెరిగిన క్లౌడ్ ఆదాయాన్ని నిజమైన గిరాకీగా చూపించారన్నది వాళ్ల ఆరోపణ. ఒరాకిల్ ఒప్పుకోలేదు. చివరికి 1.75 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. రాజీ అంటే నేరం రుజువైనట్టు కాదు, ఆ సంగతి స్పష్టంగానే చెప్పాలి. కానీ ఆడిట్ విభాగాన్నీ అమ్మకాల విభాగాన్నీ విడదీస్తున్నామని 2018లో శాప్ ప్రత్యేకంగా ప్రకటించుకోవాల్సి వచ్చింది. రెండూ కలిసి నడుస్తాయన్న అనుమానం కస్టమర్లలో బలంగా లేకపోతే ఆ ప్రకటనతో పనేముంది?

సరుకు అమ్మేది, తూకం వేసేది, తేడా ధర నిర్ణయించేది ఒకే పక్షమైనప్పుడు రెండో పక్షం తన తూకం తాను వేసుకోవడం కనీస జాగ్రత్త. దాన్ని ‘సహకరించకపోవడం’ అని పిలవడం అన్యాయం.

3. అడిగినవన్నీ ఇస్తే ఏమవుతుంది?

‘‘అన్నీ ఇచ్చేస్తే వాళ్లే వెళ్లిపోతారు’’ అన్నవాళ్లు మార్స్ కథ చదవాలి. స్నికర్స్, ఎం అండ్ ఎం చాక్లెట్లు తయారుచేసే మార్స్ కంపెనీ 2015 అక్టోబరులో ఒరాకిల్ మీద శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టుకెక్కింది. అప్పటికే అది ఒరాకిల్‌కు 2,33,089 పేజీల పత్రాలు అప్పగించింది. అయినా ఆడిట్ ముగియలేదు. ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ నడవని సర్వర్ల వివరాలు కూడా అడుగుతున్నారని, ఇవ్వకపోతే ఒప్పందం ఉల్లంఘించినట్టేనని నోటీసు ఇచ్చారని మార్స్ ఫిర్యాదు. అదే ఏడాది డిసెంబరులో కోర్టు బయట రాజీ అయింది. షరతులు బయటికి రాలేదు.

వాడని సర్వర్ల వివరాలు ఎందుకు? వీఎంవేర్ మీద నడిచే వర్చువల్ యంత్రాన్ని ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు జరపవచ్చు. అందువల్ల డేటాబేస్ ఎక్కడికి జరిగే అవకాశం ఉందో ఆ సర్వర్లన్నిటికీ లైసెన్స్ కట్టాలన్నది ఒరాకిల్ వాదన. దీనికి ఆధారంగా చూపే విధాన పత్రంలోనే, ఇది అవగాహన కోసమే, ఏ ఒప్పందంలోనూ భాగం కాదు అన్న అర్థంలో ఒక గమనిక ఉంటుంది. సంతకం పెట్టిన ఒప్పందంలో లేని నియమం, బిల్లులో మాత్రం ప్రత్యక్షమవుతుంది.

ఆ తేడా ఎంతో లెక్కేసి చూద్దాం. ఒక సర్వర్‌లో 16 కోర్ల ఇంటెల్ ప్రాసెసర్లు రెండు, మొత్తం 32 కోర్లు. ఒరాకిల్ పట్టిక ప్రకారం వీటిని 0.5తో గుణిస్తే 16 లైసెన్సులు. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ జాబితా ధర లైసెన్స్‌కు 47,500 డాలర్లు, అంటే 7.6 లక్షల డాలర్లు. అలాంటి సర్వర్లు పదింటిని ఒకే క్లస్టర్‌లో పెట్టి డేటాబేస్‌ను ఒక్కదాని మీదే నడుపుతున్నా, పై వాదన ప్రకారం బిల్లు 76 లక్షల డాలర్లు. దాని మీద ఏటా 22 శాతం సపోర్ట్ ఫీజు అదనం. జాబితా ధర ఎవరూ పూర్తిగా కట్టరన్నది నిజమే. కానీ బేరం మొదలయ్యేది ఆ అంకె దగ్గరే. ఆ పది సర్వర్ల జాబితాను, ఏ నిబంధన కింద అడుగుతున్నారని అడగకుండా పంపిన మెయిల్‌తోనే ఆ అంకె పుట్టింది.

తెలియక ఎక్కువ సమాచారం ఇచ్చినవాళ్లు నిజం చెప్పినవాళ్లమే కదా అనుకుంటారు. నిజం చెప్పాలి, అందులో రెండో మాట లేదు. ఒప్పందం అడిగినదానికి నిజం చెప్పాలి. ఒప్పందం అడగనిది వాళ్ల ముందు పోయడం నిజాయతీ కిందకు రాదు, సంస్థ ఆస్తి విషయంలో అజాగ్రత్త కిందకు వస్తుంది. సర్వర్ల పేర్లు, ఐపీ అడ్రసులు, నెట్‌వర్క్ నిర్మాణం రహస్య సమాచారం. గోప్యతా ఒప్పందం లేకుండా వాటిని బయటికి పంపే ఇంజినీర్‌ను మరే సందర్భంలోనైనా మనం ఊరుకుంటామా?

4. ‘‘ఎంతో కొంతకు తెగ్గొట్టుకుందాం’’

ఈ సలహా ఎక్కువగా ఫైనాన్స్ నుంచి వస్తుంది. పోరాటం కన్నా రాజీ చౌక అని లెక్క. కానీ రాజీ ఏ రూపంలో వస్తుందో చూడండి. జరిమానా కట్టి విషయం ముగించడం అరుదు. పాత బాకీ మాఫీ చేస్తాం, బదులుగా మూడేళ్ల సబ్‌స్క్రిప్షన్ తీసుకోండి, లేదా ఇంకా పెద్ద ఒప్పందం చేసుకోండి అంటారు. ఆ గడువు ఆర్థిక త్రైమాసికం ఆఖరి రోజున పడుతుంది, అది కాకతాళీయం అనుకోలేం. వివాదాస్పదమైన అర్థాన్ని మీరు ఒకసారి ఒప్పుకుని డబ్బు కడితే, వచ్చే ఆడిట్‌కు అదే పునాది అవుతుంది. రాజీ తప్పని సందర్భాలుంటాయి. మీ సొంత లెక్క మీ చేతిలో లేకుండా చేసుకునే రాజీ మాత్రం లొంగుబాటే.

5. దొంగ కాపీల సంగతి వేరు

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు: ఇలాంటి వాదనలు దొంగలకు అండగా నిలుస్తాయని. ఆ అండ ఈ వ్యాసంలో లేదు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న డిజైన్ ఆఫీసులో క్రాక్ చేసిన క్యాడ్ సాఫ్ట్‌వేర్‌తో ప్లాన్లు గీసి క్లయింట్ దగ్గర ఫీజు తీసుకుంటుంటే, దానికి సమర్థన లేదు. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఢిల్లీ హైకోర్టు సాఫ్ట్‌వేర్ కేసుల్లో లోకల్ కమిషనర్లను పంపి కంప్యూటర్లు తనిఖీ చేయించింది. కోర్టు పంపిన మనిషి వస్తే తలుపు తీయాల్సిందే.

సమస్య ఏమిటంటే, ఈ రెండిటినీ కలిపేయడం వల్ల లాభపడేది ఒక పక్షమే. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో కొలత మీద వచ్చిన తగాదాకు కూడా జైలు భయం అంటించి మాట్లాడతారు. సెక్షన్ 63బిలో ‘తెలిసి’ అన్న షరతు ఉంది, అది ‘దొంగ కాపీ’ గురించి చెబుతుంది. ఒప్పందపు నిర్వచనం మీద ఇద్దరు వ్యాపారుల మధ్య భేదాభిప్రాయం అందులోకి రాదు. చిన్న సంస్థలకు వచ్చే లేఖల్లో చాలావాటికి ఆడిట్ నిబంధనతో సంబంధమే ఉండదు. అవి స్వచ్ఛందంగా వివరాలు ఇవ్వమని అడిగే ‘రివ్యూ’ విన్నపాలు. ఎవరు రాశారు, ఏ అధికారంతో రాశారు, ఏ ఒప్పందం కింద రాశారు అని అడగడం ప్రతి సంస్థకూ ఉన్న హక్కు. 56 శాతం అంకె చూపించి ఆ హక్కును లాక్కోకూడదు.

6. మాట పడేది ఎవరు?

హైదరాబాద్‌లోని గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లలో కూర్చున్న డీబీఏలు, సర్వర్ ఇంజినీర్లే అమెరికా, యూరప్ కంపెనీల డేటాబేస్‌లను రాత్రింబవళ్లు నడుపుతున్నారు. ‘ఈ స్క్రిప్ట్ రన్ చేసి ఫలితాలు సాయంత్రంలోగా పంపండి’ అన్న మెయిల్ వచ్చేది వాళ్లకే. ఒప్పందం వాళ్లు ఎన్నడూ చూడలేదు, చూపించమని అడిగే స్థాయీ వాళ్లకు లేదు. బిల్లు వచ్చాక మాత్రం ‘‘ఆ ఫీచర్ ఎవరు ఆన్ చేశారు?’’ అని వెతుకుతారు. తాళం వేయకుండా అమ్మినవారిని ఎవరూ అడగరు. ఒప్పందాన్ని బీరువాలో పెట్టి మరిచిపోయిన మేనేజర్‌నూ అడగరు. అప్రైజల్‌లో దెబ్బతినేది ఏడబ్ల్యూఆర్ రిపోర్ట్ తీసి ఆ రాత్రి వ్యవస్థను నిలబెట్టిన మనిషి. ‘తప్పు చేయనివాడికి భయమెందుకు’ అన్న సూత్రంలోనే ఈ అన్యాయం ఇమిడి ఉంది. ఆ సూత్రం ప్రకారం తేడా వచ్చిందంటే ఎవరో తప్పు చేసి ఉండాలి కాబట్టి, ఒక మనిషిని వెతికి తీరతారు.

7. సిద్ధపడటం అంటే

నోటీసు వచ్చాక మొదలుపెట్టేదాన్ని సిద్ధపడటం అనరు. కొన్న ప్రతి ఒప్పందం, సవరణ, పర్చేజ్ ఆర్డర్ ఒకచోట ఉండాలి, సంస్థ వదిలి వెళ్లిపోయినవాళ్ల మెయిల్ బాక్సుల్లో కాదు. ఏటా ఒకసారైనా సొంత లెక్క వేసుకోవాలి. ఐబీఎం విషయంలో ఇది మరీ అవసరం. వర్చువల్ యంత్రానికి కేటాయించిన భాగం వరకే లైసెన్స్ కట్టే సౌలభ్యం కావాలంటే ఐబీఎం కొలత సాధనం ఐఎల్‌ఎంటీని 90 రోజుల్లోగా పెట్టుకుని, మూడు నెలలకోసారి రిపోర్టులు తీసి రెండేళ్లు దాచాలి. అది లేకపోతే మొత్తం సర్వర్ సామర్థ్యానికి బిల్లు పడుతుంది. అవసరం లేని ప్యాక్‌లను డేటాబేస్ వేసిన రోజునే ఆపేయాలి. ఎక్కడ కుదిరితే అక్కడ ఒరాకిల్ జావాకు బదులు దాని ఉచిత రూపం ఓపెన్‌జేడీకే వాడుకోవాలి.

ఒప్పందం చదవండి. ఒరాకిల్ ప్రామాణిక ఒప్పందంలో 45 రోజుల ముందస్తు నోటీసు, మీ పనికి అనుచితమైన ఆటంకం కలిగించకూడదన్న షరతు ఉంటాయి. మైక్రోసాఫ్ట్ వాల్యూమ్ ఒప్పందాల్లో 30 రోజుల నోటీసు ఉంటుంది. లైసెన్స్ లేని వాడకం 5 శాతం గానీ అంతకు మించి గానీ తేలితే ఆడిట్ ఖర్చుతో పాటు 125 శాతం ధర కట్టాలి. నాలుగు శాతానికీ ఐదు శాతానికీ మధ్య ఎంత డబ్బు ఉందో తెలియని సంస్థ, లెక్కలు సరిచూసుకోకుండా పంపేయడాన్ని నిజాయతీ అనుకోవడం విచారకరం. ఈ నిబంధనలు మార్పించుకునే అదను రెన్యువల్ సమయం. అప్పుడు అమ్మకందారుకు మీ సంతకం కావాలి.

నోటీసు వచ్చాక ఏదీ డిలీట్ చేయకండి. లాగ్‌లు చెబుతాయి, పైగా న్యాయంగా ఉన్న మీ వాదన కూడా అక్కడితో పోతుంది. అబద్ధం చెప్పకండి. ఒక్క మనిషి ద్వారానే, రాతపూర్వకంగానే మాట్లాడండి. మీ అకౌంట్ మేనేజర్‌తో కాఫీ మీద ఈ విషయం చర్చించకండి. వాళ్ల స్క్రిప్ట్‌ను మీరే నడిపి, ఫలితాలను ముందు మీరు చదివి, గోప్యతా ఒప్పందం అయ్యాకే పంపండి. నిజంగా తక్కువ కొన్నట్టు మీ లెక్కలోనే తేలితే ఆ మేరకు కొనండి, ఆ డబ్బు వాళ్లకు రావలసిందే. వాళ్ల నివేదికలో ఒప్పుకోని ప్రతి పంక్తికీ ఒప్పందంలోని నిబంధన చూపించి అభ్యంతరం రాయండి.

మొదటి జవాబు మాత్రం రెండు వాక్యాలు దాటక్కర్లేదు: ‘‘మీ లేఖ అందింది. ఏ ఒప్పందంలోని ఏ నిబంధన కింద ఈ ఆడిట్ కోరుతున్నారో, దాని పరిధి ఏమిటో రాతపూర్వకంగా తెలియజేయండి.’’ దానికి జవాబు వచ్చి, మీ న్యాయవాది చదివేదాకా మీ సంస్థ నుంచి ఒక్క అంకె కూడా బయటికి వెళ్లకూడదు.